మొహిద్దీన్ గెలవని ఆట

నందిగామ నుంచి చందర్లపాడుకి ఆటో తోలే మొహిద్దీన్ మనుషుల్ని నమ్మడు. "మనిషన్నాక పార్టీ ఉంటుందండీ, ఫోనుకుండదు" అని ఆటో ఎక్కిన ప్రతివాడికీ చెబుతాడు. అందుకే స్టాండులో తోటి డ్రైవర్లను వదిలేసి, ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియని వాళ్లతో లూడో ఆడతాడు.

మొన్న ఆ ఫోనే అతనికి, తను ఓటేసే పార్టీకి ఎదుటి పార్టీ రంగు కాయలిచ్చింది. మొహిద్దీన్‌కి ఒళ్లు మండింది. పైగా ఆరు మీద ఆరు పడుతూనే ఉంది! ఆఖరి కాయ పండబోతుంటే ఇక ఓర్చుకోలేక, దాన్ని కదపకుండా చేతులు కట్టుకు కూర్చున్నాడు. టైమైపోయి ఆట పోయింది.

ఇంటికెళ్లగానే భార్యతో అన్నాడు: "ఇవాళ లూడోలో ఆ పార్టీవాళ్లని చిత్తుగా ఓడించా!"

"వాళ్ల తరఫున ఎవరాడారు?" అంది హజరాబీ.

"నేనే!" అన్నాడు మొహిద్దీన్ ఛాతీ విరుచుకుని.