ఫోనెత్తిన మనవరాలు

రాజోలు బ్యాంకులో కొత్తగా చేరిన రోజులు. బతికే ఉన్నట్టు ధ్రువపత్రం ఇవ్వలేదని ఓ పెన్షనరుగారికి ఫోన్ చేశాను. పడుచుపిల్ల ఎత్తింది.

"మీ మామ్మగారికి ఇవ్వమ్మా."

"ఆయ్, ఉండండి." దూరంగా "మామ్మా!" అని కేక, చెప్పుల చప్పుడు, ఆనక వణికే ముసలిగొంతు: "మోకాళ్ల నొప్పులండీ, రాలేను."

మర్నాడు నేనే వెళ్లాను. ఆవిడొక్కరే ఉన్నారు.

"మనవరాలు లేదాండీ?"

ఆవిడ మొహం పక్కకి తిప్పి "మామ్మా!" అన్నారు. పక్కగదిలోంచి పిల్ల పిలిచినట్టే ఉంటే గభాల్న తిరిగి చూశాను. ఎవరూ లేరు. 

"ముప్పయ్యేళ్లు రేడియో నాటకాలు వేసేనండీ. ఒంటరిదాన్నని ఫోన్లో తెలియకూడదు కదా!"

ధ్రువపత్రం కాగితం ముందుపెట్టాను. నవ్వేరు.

"బతికే ఉన్నానని ఏ గొంతుతో చెప్పమన్నారండీ?"