పది అడుగులు

బేరమాడడం నాకు పుట్టుకతో వచ్చింది. సదాశివపేటలో మాది స్టీలు సామాన్ల దుకాణం. బిందెల మధ్యనే పెరిగాను. ఇప్పటికీ పెద్ద పెద్ద మాల్స్‌లో కూడా కొంచెం తగ్గించమని అడిగి, పిల్లల ముందు పరువు పోగొట్టుకుని వస్తుంటాను.

మా నాన్నకు, అంటే బాపుకు, మతిమరుపు జబ్బు ముదిరాక తెల్లాపూర్‌లోని మా ఫ్లాట్‌కు తెచ్చుకున్నాను. రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని దుకాణం తెరవాలని బయలుదేరేవాడు. అది అమ్మేసి ఏళ్లయిందంటే ఆ రోజల్లా అన్నం ముట్టడు. తలుపులన్నీ మూసేయొద్దని, తనంతట తాను చేయగలిగింది చేయనిస్తూ కనిపెట్టుకుని ఉండమని దవాఖానలో నర్సమ్మ చెప్పింది. సరేనని బేరానికి కూర్చున్నాను. ఆయన మెయిన్ రోడ్డు అన్నాడు, నేను లిఫ్టు దాకా అన్నాను. చివరికి మా అపార్ట్‌మెంట్ గేటు లోపలి బెంచీ దగ్గర బేరం తెగింది. జేబులో నా నంబరు రాసిన చీటీ, ఎదురుగా వాచ్‌మన్. ఆ వాచ్‌మన్ కూడా మా జిల్లావాడే, "రా సేటూ" అని పిలిచి కూర్చోబెట్టేవాడు. బాపు ఒక్కడే వెళ్లి ఒక్కడే వచ్చేవాడు. కొన్ని నెలలు ఆయన మొహంలో గల్లా ముందు కూర్చున్నప్పటి కళ కనిపించింది. మంచి బేరం చేశానని నేను మురిసిపోయాను.

ఒక శనివారం వాచ్‌మన్ నీళ్ల ట్యాంకరును లోపలికి పంపిస్తున్నాడు. నేను గేటు దగ్గరికి వెళ్లేసరికి బాపు బయటికి నడుస్తున్నాడు. ఇంటికి రమ్మన్నాను. కసురుకున్నాడు.

"నా దుకాణానికి నేను పోనీకి నీ పర్మిషన్ ఏంది?"

చెయ్యి పట్టుకోబోయి ఆగాను. లేచిపోయే గిరాకీని వెంటనే పిలవొద్దని, పది అడుగులు పోనిస్తే తనే తిరిగి చూస్తాడని నాకు నేర్పింది ఆయనే. ఫికర్ లేనట్టు మొహం తిప్పుకుని, ఫోను చూస్తూ మనసులో పది దాకా ఎంచాను. తలెత్తితే బాపు లేడు.

తిరిగి చూడాలంటే వెనక ఎవరున్నారో గుర్తుండాలి కదా. అంత తెలివిగల నాకు అది తట్టలేదు.

రోజంతా వెతికాక, సాయంత్రం ఎవరో ఆటోడ్రైవరు ఆయన జేబులోని చీటీ చూసి ఫోన్ చేశాడు. లింగంపల్లి స్టేషన్ దగ్గర, మూసి ఉన్న ఒక షట్టర్ ముందు బాపు కూర్చుని ఉన్నాడు. ఒక కాలికి చెప్పు లేదు, మడమ నుంచి రక్తం కారుతోంది.

"చాబీ తెచ్చుడు మర్చిన బిడ్డా," అన్నాడు నా మొహం చూడకుండా.

మర్నాడు తలుపుకు లోపలి గడియ పెట్టి తాళం వేశాను. నర్సమ్మకు చెప్పలేదు. సోమవారం పొద్దున్నే బాపు ఇస్త్రీ చొక్కాతో వచ్చి తాళం చూశాడు. గొడవ పెడితే ఏం చెప్పాలో నేను మాటలు కూడబలుక్కుంటున్నాను. ఆయన తాళం పట్టుకుని మూడుసార్లు గుంజాడు. దుకాణం బంద్ చేసినప్పుడల్లా షట్టర్ తాళాన్ని అట్లనే గుంజేవాడు.

"మంచిగనే పడ్డది. పా బిడ్డా, ఇంటికి పోదాం."

చెప్పులేసుకుని నా కోసం నిలబడ్డాడు.

తాళం తీశాను. చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించి, బెంచీ మీద పక్కనే కూర్చున్నాను. ఇప్పటికీ రోజూ వెళ్తున్నాం. ఒక్కడే వెళ్లి ఒక్కడే రావడం మాత్రం మళ్లీ లేదు.