అమ్మ బొమ్మకు ముదురు రంగు

కరోనా తర్వాత బడులు తిరిగి తెరిచిన ఏడాది యాడికి అనే ఊరి ఉన్నత పాఠశాలకు డ్రాయింగ్ మాస్టరుగా బదిలీ అయ్యాను. ఆ ఏడాదే ఒక దాత బడికి మైనపు రంగుపుల్లల, అంటే క్రేయాన్ల, పెట్టెలు పంపాడు. మామూలు పెట్టెలో చర్మం రంగంటే లేత గులాబీ పుల్ల ఒక్కటే. వీటిలో పసిమి మొదలుకొని చామనచాయ, కారునలుపు దాకా ఉన్నాయి. మనుషుల చాయలు చాలావరకు చర్మంలోని ఒకే పదార్థపు హెచ్చుతగ్గులని శాఖా గ్రంథాలయంలో చదివి ఉన్నాను. అందుకే పిల్లలకంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను.

ఏడో తరగతి మానస పెట్టె ఇంటికి తీసుకుపోయి, ఒక్కో పుల్లనూ తల్లి చేతి పక్కన పెట్టి చూసుకొని, 'మా అమ్మ' బొమ్మ వేసింది. జిల్లా పోటీకి బడి నుంచి ఒక్క బొమ్మే పంపాలి. దాన్నే ఎంచి, పంపేముందు తల్లిదండ్రుల సమావేశంలో గోడకు అతికించాను.

మానస తల్లి గంగమ్మ కూలిపని మాని వచ్చింది. పక్కింటామె బొమ్మ చూసి, "ఏమ్మే గంగమ్మా, లైటేస్తే గానీ కనపడేట్టు లేవే!" అంది. అందరూ నవ్వారు.

గంగమ్మ నా వైపు తిరిగింది. "ఏం సారూ, ఎండలో కలుపు తీసేదాన్ని, నల్లగుంటానని నాకు తెల్దా? గోడ మీద గూడా అట్లే పెట్టాల్నా? మా పెండ్లి ఫోటోలో స్టూడియో అన్న నన్నెంత తెల్లగ చేసినాడో!"

"నువ్వు ఇట్లే ఉండావు కదమ్మా, చేయి పక్కన పెట్టి చూసినా" అంది మానస.

గ్రంథాలయంలో చదివింది చెప్పబోయి ఆగాను. ఆమెకు కావలసింది అది కాదు, ఆ నవ్వులు ఆగడం. ఈలోపే మానస బొమ్మను పీకి, గులాబీ పుల్లతో ముఖమంతా రుద్దింది. మైనపు రంగుల్లో లేతది ముందు వేయాలి. ముదురు మీద లేత రంగు నిలవదు. ముఖం బూడిద పూసినట్టయింది.

గంగమ్మ కాగితం చేతికి తీసుకొని, "ఇదెవురు పాపా?" అంది.

పోటీకి వేరే బొమ్మ పంపాను. వారం తర్వాత కొత్త కాగితం ఇస్తే మానస మళ్లీ తల్లినే వేసింది. శనక్కాయ చేన్లో, వీపు మనవైపు, తల మీద కొంగు, చేతులు ఆకుల్లో. చర్మం రంగుతో పనే లేకపోయింది.

పదవీ విరమణ నాడు ఆ పెట్టెలు అప్పగించాను. లేత పుల్లలు గోరంత మిగిలాయి, ముదురువి కొత్తవాటిలాగే ఉన్నాయి. సరైన రంగు పెట్టెలో ఉంటే సరిపోదు. బొమ్మను గోడకెక్కించేముందు, అందులో ఉన్న మనిషికి విడిగా చూపించాలి.