ఫియట్ కారులో తెల్ల ప్లాస్టర్

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రిలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుగా చాలాకాలం పనిచేశాను. మా ప్యానెల్ గది బేస్‌మెంట్‌లో, మార్చురీకి ఆనుకుని ఉండేది. ఆయాలు ఆ వరండాలో ఒంటరిగా నడవాలంటే వణికేవాళ్లు. నేను అక్కడే స్టూలు వేసుకుని టిఫిన్ డబ్బా విప్పేవాణ్ణి. చచ్చిపోయినవాళ్లెవరూ నా పెరుగన్నంలో వాటా అడగలేదు.

ఒకసారి ఆ వరండాలో ట్యూబులైటు దానంతటదే వెలిగి ఆరుతోందని గోల గోల చేశారు. వెళ్లి చూస్తే చోక్ దగ్గర వైరు వదులైంది. అంతే సంగతి. దయ్యం అన్నారంటే ఎక్కడో లూజు కనెక్షన్ ఉందని అర్థం, వెతికే ఓపికుండాలి అని అందరికీ చెప్పేవాణ్ణి. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, కింద చెప్పబోయేది ఒక పిరికివాడి మాట అనుకోకూడదని.

జనక్‌పురికి మెట్రో కొత్తగా వచ్చిన రోజులవి. నేను అక్కడే అద్దెకుండేవాణ్ణి. ఆదివారం మధ్యాహ్నాలు ఒక బడి హాల్లో తెలుగు ఆరాధన జరిగేది. నిజం చెప్పాలంటే నేను వాక్యం కోసం సగం, ఆ తరవాత పెట్టే పులిహోర కోసం సగం వెళ్లేవాణ్ణి. దేవదానం అంకుల్ అక్కడే పరిచయం. తెనాలి వైపు మనిషి, గవర్నమెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఆయన భార్య కరుణ ఆంటీ నర్సు. ఢిల్లీ వచ్చిన కొత్తలో నాకు పచ్చకామెర్లు వస్తే, డ్యూటీ నుంచి నేరుగా మా గదికి వచ్చి సెలైన్ పెట్టి వెళ్లేది. ఈ సంగతి జరిగేనాటికి ఆవిడ పోయి రెండేళ్లు.

వాళ్లకో పాత ఫియట్ ఉండేది, మీగడ రంగుది. ఆంటీ పోయాక అంకుల్ దాన్ని ఇంటి కింద గ్రిల్లు గేటు వెనక గుడ్డ కప్పి పెట్టేశారు. ఎలుకలు అందులో కాపురం పెట్టాయి. అంకుల్‌కి చేతులు వణికే జబ్బు కూడా మొదలైంది. చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా పక్కింటివాళ్లను పిలవాల్సిందే.

ఒక ఆదివారం ఆయన నన్ను పక్కకు తీసుకెళ్లారు.

"అబ్బాయ్, నువ్వు కరెంటు పనోడివి గదా. మన బండి ఒకసారి చూడకూడదూ? రూతుకి నెలలు నిండుతున్నాయి."

రూతు వాళ్ల ఒక్కతే కూతురు. నోయిడాలో కాపురం. తొలి కాన్పుకి పుట్టింటికి తీసుకురావడం మన ఆనవాయితీ. తల్లి లేదు కాబట్టి ఇబ్బంది ఎందుకు, మేమే చూసుకుంటాం అని వియ్యపురాలు మంచిగానే చెప్పింది. అంకుల్‌కి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. "తల్లి పోతే పుట్టిల్లు కూడా పోతుందా?" అని నన్నే అడిగారు, నేనేదో అన్నట్టు. ముందుగది ఖాళీ చేసి సున్నం వేయించారు. బిడ్డకు నీళ్లు పోయడానికి చర్చిలో ఒక పెద్దావిడను మాట్లాడారు. ఇక మిగిలింది ఆసుపత్రి నుంచి తీసుకురావడం. రూతు పుట్టినప్పుడు కరుణ ఆంటీ ఒళ్లో పడుకుని ఇంటికొచ్చింది ఆ ఫియట్‌లోనే. రూతు బిడ్డ కూడా అందులోనే రావాలని ఆయన పట్టు.

రూతు మాత్రం ఒప్పుకోలేదు. తెలుగు బాగా అర్థమవుతుంది గానీ జవాబు హిందీలో చెప్పే పిల్ల. "పాపా, ఉస్ గాడీ మే ధువా నికల్తా హై" అంది. అది నిజమే. ఆఖరిసారి బయటికి తీసినప్పుడు డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ వచ్చింది. కాసేపటికి తండ్రి మొహం చూసి మెత్తబడి నా వైపు తిరిగింది. "భయ్యా చెక్ కర్కే బోలేంగే తో ఠీక్ హై."

నేను చూసి బాగుందంటే సరేనట. అలా బరువంతా నా నెత్తిన పడింది.

సెలవు రోజుల్లో పని మొదలుపెట్టాను. సీట్ల రెక్సిన్ పెళుసెక్కి చిరిగిపోయింది, లోపలి స్పాంజి చేత్తో ముట్టుకుంటే పిండిలా రాలింది. పైకప్పు గుడ్డ ఊడి తలకు తగులుతోంది. డోరు అట్టలు చెమ్మకు ఉబ్బిపోయాయి. ఇవన్నీ విప్పి సీట్లు కుట్టే అతనికి ఇచ్చి, నేను వైర్ల మీద పడ్డాను.

డ్యాష్‌బోర్డు విప్పగానే నాకు నవ్వాగలేదు. వైరు అతుకులన్నిటికీ నల్ల టేపు బదులు ఆసుపత్రి ప్లాస్టర్. తెల్లగా ఉండాల్సింది పసుపు పచ్చగా మారి, జిగురు కారి వైర్లకు అంటుకుపోయింది. కానీ చుట్టిన తీరు మాత్రం ముచ్చటగా ఉంది. వేలికి కట్టు కట్టినట్టు ఒక వరస మీద ఒక వరస సమానంగా, ఆఖరి కొస లోపలికి చిన్నగా మడిచి.

"ఎవరి పనండీ ఇది?" అన్నాను.

"ఇంకెవరు, మీ ఆంటీ," అన్నారు అంకుల్. ఒకసారి ఎండాకాలంలో ధౌలా కువాన్ దగ్గర బండి ఆగిపోయిందట. వైరు తెగింది, టేపు లేదు. ఆంటీ హ్యాండ్‌బ్యాగులోంచి ప్లాస్టర్ తీసి చుట్టింది. బండి కదిలింది. ఇక ఆ తరవాత ఏ వైరు తెగినా ఆవిడే డాక్టరు. అంకుల్ టార్చి పట్టుకుని నిలబడేవారు, ఆవిడ కట్టు కట్టేది.

అదంతా పీకేశాను. ఇంజను వేడికి ఆ గుడ్డ ప్లాస్టర్ పనికిరాదు, పసిబిడ్డ ఎక్కే బండి. పాడైన చోటల్లా కొత్త వైరు వేసి తొడుగు తొడిగాను. పీకిన ప్లాస్టర్ ముక్కలన్నీ అంకుల్ ఒక కవర్లో వేసి లోపలికి తీసుకెళ్లారు.

వెనక లైట్లకు పోయే వైర్ల కట్ట ఒక్కటి మార్చలేదు. వెనక సీటు పక్క అట్ట వెనక నుంచి, పెట్రోలు ట్యాంకు పక్కగా డిక్కీలోకి పోతుంది అది. టార్చి వేసి చూశాను, చేత్తో తడిమాను. ఎక్కడా అతుకు లేదు, ప్లాస్టర్ లేదు. బాగానే ఉంది కదా అని దాని మీద కొత్త అట్ట పెట్టి క్లిప్పులు నొక్కేశాను.

పని పూర్తయ్యాక కారు పెళ్లికొడుకులా తయారైంది. మెరూన్ రెక్సిన్ సీట్లు, కొత్త పైకప్పు గుడ్డ, కింద తివాచీ. హారన్, వైపరు, లైట్లు అన్నీ సరిగ్గా పనిచేశాయి. రూతు వచ్చి చూసింది. వెనక సీట్లో మెల్లగా కూర్చుని, చేత్తో రెక్సిన్ నిమిరింది.

"భయ్యా, పక్కా?"

"పక్కా అమ్మా," అన్నాను. నా పని మీద నాకున్న నమ్మకంతోనే అన్నాను.

అనుకున్నదానికంటే ముందే రూతుకి నొప్పులొచ్చాయి. అంకుల్ నోయిడా వెళ్లి అక్కడే ఆసుపత్రిలో ఉండిపోయారు. ఆడపిల్ల పుట్టింది. డిశ్చార్జి రోజు నేను కారు తీసుకుని రావాలని ఫోన్ చేశారు. కారుకి ఉన్నవి రెండు తాళాలు. ఒకటి అంకుల్ జేబులో నోయిడాలో ఉంది, ఒకటి నా దగ్గర ఉంది. గేటు తాళాలూ అంతే.

ఆ రోజు పొద్దున కారు తుడుద్దామని వెళ్లాను. ఎండ బాగా వచ్చింది. గేటు తాళం వేసినట్టే ఉంది, కారు డోర్లూ అంతే. వెనక డోరు తీశాను. సీటు పక్కన నేను బిగించిన అట్ట కింది మూల క్లిప్పుల్లోంచి ఊడి, పుస్తకంలో పేజీ మడిచినట్టు బయటికి వంగి ఉంది.

క్లిప్పు సరిగ్గా పడలేదేమో అనుకుని నొక్కబోయాను. లోపల తెల్లగా ఏదో కనబడింది.

వెనక లైట్ల వైరు మీద ప్లాస్టర్ చుట్టి ఉంది. కొత్త ప్లాస్టర్. పాతదైతే పచ్చబడాలి, జిగురు కారాలి. ఇది అప్పుడే చుట్ట నుంచి చింపినంత తెల్లగా ఉంది. ఒక వరస మీద ఒక వరస సమానంగా, ఆఖరి కొస లోపలికి మడిచి ఉంది.

చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. భయమేసిందా అంటే, లేదు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను గానీ, ఎవరో నా భుజం మీద చెయ్యి వేసి 'ఇది చూశావా' అన్నట్టు అనిపించింది.

కొస పట్టుకుని లాగితే సులువుగా ఊడొచ్చింది. కింద వైరు తొడుగు పగిలి రాగి తీగలు బయటికొచ్చి ఉన్నాయి. అవి తగిలేచోట, ఇనుప రేకు అంచు మీద చిన్న నల్లటి చుక్క ఉంది. నిప్పురవ్వ పడిన మచ్చ అది, నాకు బాగా తెలిసిన మచ్చ. ఆ వైరుకి ఫ్యూజు కూడా లేదు. అవతలి పక్క పెట్రోలు ట్యాంకు. దారిలో ఏ గుంతలోనో ఊగి మళ్లీ తగిలితే ఏమయ్యేదో ఆలోచించడం కూడా నాకు ఇష్టం లేదు. ఆ సీట్లోనే రూతు, ఆమె ఒళ్లో బిడ్డ కూర్చోవాలి. పక్కా అని మాటిచ్చింది నేను.

ఆ వైర్ల కట్ట మొత్తం మార్చాను. రెండుసార్లు మీటరు పెట్టి చూశాను, మళ్లీ ఇంకోసారి చూశాను. ప్లాస్టర్ ముక్కను నా పనిముట్ల పెట్టెలో పెట్టుకుని నోయిడా బయల్దేరాను. ఆలస్యమైనందుకు అల్లుడు కొంచెం విసుక్కున్నాడు.

వచ్చేటప్పుడు అంకుల్ నా పక్కన కూర్చున్నారు. వెనక రూతు, బిడ్డ. అల్లుడు సామానుతో తన కారులో వెనకాల వస్తున్నాడు. బిడ్డ దారంతా నిద్రపోయింది. రూతు కాసేపటికి ఎవరితోనో కాదు, తనలో తానే అన్నట్టు అంది, "మమ్మీ ఉంటే బాగుండేది." తెలుగులోనే అంది. అంకుల్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేదు. బాలింత ముందు చెప్పే మాట కాదు.

ఇంటి ముందు పాస్టర్‌గారు చిన్న ప్రార్థన చేశారు. పెద్దావిడ బిడ్డను అందుకుంది. పుట్టిల్లు పుట్టిల్లులాగే ఉంది.

నేను మాత్రం ఊరుకోలేకపోయాను. సీట్లు కుట్టే అతన్ని అడిగితే, పని అయ్యాక ఆ వైపే రాలేదన్నాడు. వచ్చినా తాళం లేదు, వైర్లంటే అతనికి భయం కూడా. ఎలుక అట్టను తోయగలదు, ప్లాస్టర్ చుట్టలేదు. నేను మొదట్లో చూడకుండా వదిలేశానేమో అని కూడా అనుకున్నాను. కానీ ఆ వైరును వేలితో మొదటి నుంచి చివరి దాకా తడిమిన సంగతి నాకు గుర్తుంది. పైగా రెండేళ్ల కిందటి ప్లాస్టర్ అంత తెల్లగా ఉండదు. అంకుల్ నోయిడాలో కూతురి పక్కనే ఉన్నారు. ఇక్కడే ఉన్నా, గుండీ పెట్టుకోలేని చేతులతో ఆ కట్టు కట్టలేరు.

రూతు బిడ్డను తీసుకుని నోయిడా వెళ్లిపోయాక ఒక సాయంత్రం అంకుల్‌కి చెప్పాను. ఇల్లు మళ్లీ బోసిపోయి ఉంది. బాల్కనీలో టీ తాగుతున్నాం. మొదటి నుంచి చివరి దాకా చెప్పి, ప్లాస్టర్ ముక్క ఆయన ముందు పెట్టాను. మన విశ్వాసంలో ఇలాంటివి లేవు అంటారనుకున్నాను. చనిపోయినవారు ప్రభువునందు నిద్రిస్తారని సంఘంలో వాక్యం చెప్పే మనిషి.

ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నారు. వణికే వేళ్లతో కొస వెతుక్కుని మడత తడిమి చూశారు.

"ఇలా మడిస్తే పేషెంటుకి ఊడదీసేటప్పుడు నొప్పెట్టదని అనేది," అన్నారు.

టీ చల్లారిపోయింది. ఆయన సంతోషిస్తారని అనుకున్నాను. కళ్లనిండా నీళ్లతో నా వైపు తిరిగి, ఫిర్యాదు చేసే చిన్నపిల్లాడిలా అన్నారు.

"రెండేళ్లయింది అబ్బాయ్. రోజూ ఎదురు చూస్తన్నా. నాకు కలలో కూడా కనపడలా. నా దగ్గరికి రాలేదేం?"

కాసేపటికి ఆయనే కళ్లు తుడుచుకున్నారు.

"పసిబిడ్డ ఎక్కుద్దని వచ్చుంటదిలే. నాకేం, నేను బానే ఉన్నాగా."

ఇది జరిగి చాలా ఏళ్లయింది. ఎవరైనా అడిగితే దయ్యాల్లేవనే చెబుతాను. ఆ ప్లాస్టర్ ఎవరు చుట్టారో ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తేలలేదు. అదీ ఒక పక్కన పెట్టొచ్చు. అంకుల్ అడిగినదానికి మాత్రం ఆ సాయంత్రం ఏదైనా ఒక జవాబు చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.