నా కాన్పు నాకు తెలియదు

నా బిడ్డ అప్పుడు ఎనిమిదో నెల కడుపుతో ఉంది. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదని అనంతపురంలో డాక్టరమ్మకు చూపించాను. బీపీ కొంచెం ఎక్కువుందని చెప్పి ఆమె నా వైపు తిరిగింది.

"మీ కాన్పులో ఫిట్స్ ఏమైనా వచ్చినాయామ్మా?"

"అట్లాంటివేం లేవు మేడమ్. డిగ్రీ చదివినదాన్ని, నా ఒంటి సంగతి నాకు తెలీదా?"

ఆమె 'లేవు' అని రాసుకుంది.

బిడ్డను రక్తపరీక్షకు పంపి బయటికొచ్చాను. విడపనకల్లు నుంచి పొద్దున బస్సుకే వచ్చిన మా అమ్మ బెంచీ మీద వక్క నములుతోంది. డాక్టరమ్మ అడిగింది చెప్పాను. అమ్మ నమలడం ఆపింది.

"ఫిట్స్ కాదులే. నీకు గాలి సోకింది, అంతే."

"ఏం గాలి?"

"బిడ్డ బయటపడినాక కండ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటివి. నాలిక కొరుక్కుంటివి. మంత్రసాని నోట్లో గరిటె పెట్టింది."

నాకు గుర్తున్నది నొప్పులు, ఆ తర్వాత పక్కలో బిడ్డ. మధ్యలో నిద్రపోయాననుకున్నాను. అడిగిన ప్రతి నర్సుకూ సుఖప్రసవమనే చెప్పాను. ఆ కాసేపూ నేను అక్కడ లేను. ఉన్నవాళ్లను ఎవరూ అడగలేదు.

"ఇన్నేండ్లు యాల చెప్పలేదు?"

"చెప్తే మళ్లా వస్తాదంట. అయినా నీ నోటికి జడిసి ఎవురు చెప్తారు? గాలేంది, దెయ్యమేంది అని మీద పడతావు."

అంతలో బిడ్డ వచ్చింది.

"ఇంటికి పోదాం పామ్మా. నిన్నట్నుంచి ఒకటే తలనొప్పి."

"డాక్టరమ్మకు చెప్పినావా?"

"తలనొప్పి గూడా చెప్తారా? ఎండకు వచ్చింటాది."

చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాను. తలుపు దగ్గర వరుసలో ఉన్న ఒకామె అడ్డం నిలబడింది. "ఏమక్కా, మేమంతా ఈడ ఊరికే కూచున్యామా?" ఇంకో రోజైతే ఆమెకు నాలుగు అంటించేదాన్ని. ఆ రోజు దండం పెట్టి లోపలికి దూరాను.

అమ్మ చెప్పింది చెప్పినట్టు, బిడ్డ తలనొప్పి సంగతీ డాక్టరమ్మకు చెప్పాను. ఆమె 'లేవు' కొట్టేసి, బిడ్డ చేతికి మళ్లీ బీపీ పట్టీ చుట్టింది.

"కండ్లు మసకబారతాండాయా?"

బిడ్డ నా మొహం చూసింది.

"నన్ను చూడొద్దు. నీకేమవుతాందో అది చెప్పు," అన్నాను.

"మొన్నట్నుంచి," అంది మెల్లగా.

డాక్టరమ్మ పట్టీ విప్పకుండానే నర్సును కేకేసి, ఫిట్స్ రాకముందే సూది వెయ్యాల, మంచం సిద్ధం చెయ్యమంది.