గ్రేస్ పాస్కల్ తీసిపెట్టమంది

తెలుగు సరిగ్గా అర్థం కానివాడి చేతికి కంప్యూటర్ ఇస్తే ఏమవుతుందో చెబుతాను, వినండి. కొంప మునుగుతుంది. మునిగింది నా కొంపే అయితే ఇంత బాధ ఉండేది కాదు.

ఎనభైలు చివరికొచ్చిన రోజులవి. హన్మకొండ చౌరస్తా దగ్గర మేడమీద ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. చెప్పులు బయట విడిచి, దండం పెట్టడం ఒక్కటే తక్కువగా లోపలికి వెళ్లేవాళ్లం. మౌస్ లేదు, బొమ్మలు లేవు. నల్లటి తెర మీద కమాండ్ కొడితేనే పని జరిగేది. నేనూ విద్యార్థినే అయినా కొత్త ప్యాకేజీలు ఎక్కించడం, పాతవి తీసేయడం సార్ నాకే అప్పజెప్పారు. ఇక చూడండి, తోడిపెళ్లికొడుకులా తిరిగేవాణ్ని.

ఒకనాడు సార్ సి భాష కంపైలర్, అంటే మనం రాసిన ప్రోగ్రాంను మెషీన్‌కు అర్థమయ్యేలా మార్చే సరుకు, దాని ఫ్లాపీలు నా చేతిలో పెట్టి, "మెషీన్ల జాగ లేదు రమేశూ, ఏదన్న తీసేసి దీన్ని ఎక్కియ్యి" అన్నారు. ఏది తీయాలా అని నేను తల గోక్కుంటుంటే గ్రేస్ సంచి తగిలించుకుని లేచింది. మా క్లాసే. డోర్నకల్ నుంచి రోజూ రైల్లో వచ్చేది. రైళ్ల వేళలు చెప్పే ప్రోగ్రాం ఒకటి పాస్కల్ అనే కంప్యూటర్ భాషలో రాస్తోంది. అది నడిపి చూపిస్తేనే సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఉంటేనే ఉద్యోగం. ఆమె పలకరించిన రోజు నాకు అన్నం సయించేది కాదు.

"రమేశ్, రైలుకు టైమైతాంది. నా పాస్కల్ జర తీసిపెట్టవా?"

చూశారా త్యాగం! నా అవస్థ కనిపెట్టి తన పాస్కల్‌నే తీసేయమంటోంది అనుకున్నాను. ప్రేమలో పడ్డవాడి చెవులు అట్లాగే వింటాయి. డెల్, స్టార్ డాట్ స్టార్ కొట్టాను, అంటే పాస్కల్‌తో పాటు అందులో ఉన్నవన్నీ చెరిపెయ్యమని. "నిజంగానేనా?" అని మెషీన్ ఇంగ్లీషులో మర్యాదగా అడిగింది. అవునంటూ వై నొక్కాను.

మర్నాడు గ్రేస్ రాగానే అడిగింది.

"తీసిపెట్టినవా?"

"తీసేసిన!"

"ఏడ పెట్టినవ్?"

"తీసేసినంక పెట్టుడేంది?"

"అయ్యో దేవా! లడ్డూలు తీసిపెట్టుమంటే పారేస్తవా నువ్వు? దాచిపెట్టుమన్న గదా!"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. తీసేయనేల, మళ్లీ ఎక్కించనేల అని మాత్రం నాకెవరూ చెప్పలేదు. సార్ కడుపునిండా తిట్టి, "ముందుగాల ఆ పిల్ల పాస్కల్ మళ్ల ఎక్కియ్యి. సి సంగతి తర్వాత" అన్నారు.

పాస్కల్ ఎక్కించాను. ప్రోగ్రాం మాత్రం మొదటి నుంచి కొట్టాల్సిందే. చిత్తు కాగితాలు చూసి ఆమె చదివేది, నేను కొట్టేవాణ్ని. ఆమె "బిగిన్" అన్నప్పుడల్లా నిజంగానే ఏదో మొదలైనట్టుండేది. ఆ సాయంత్రాలు మళ్లీ కావాలని ఇప్పటికీ మనసు పీకుతుంది. పని తొందరగా అయిపోతుందేమోనని భయం వేసి, ఆమె వెళ్లాక ఎక్కడో ఒకచోట సెమీకోలన్ తీసేసేవాణ్ని. అది లేకపోతే ప్రోగ్రాం కదలదు. తప్పు వెతకడానికి ఇంకో సాయంత్రం కలిసొచ్చేది.

చివరికి ప్రోగ్రాం నడిచింది, సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఆఖరిరోజు చెప్పులు వేసుకుంటూ గ్రేస్ అంది.

"ఆ సెమీకోలన్లు నువ్వే తీసినవని నాకెరుకే."

"మరి చెప్పలేదేంది?" అన్నాను.

తల వంచుకుని నవ్వింది. "నేను గూడ కొన్ని తీసిన గదా."

ఆ మాటకు మీరైతే ఏమనేవారో మీకే తెలుసు. నేనేమన్నానో వినండి.

"అట్ల తీస్తే కంపైల్ కాదు గ్రేస్! గంత గూడ తెల్వదా?"

ఆమె "అవును, తెల్వలే" అని మెట్లు దిగి స్టేషన్‌కు వెళ్లిపోయింది.

ఇంటికి పోయి గోడకు తల కొట్టుకుంటూ ప్రమాణం చేశాను: ఏ అమ్మాయైనా నాకోసం సెమీకోలన్ తీశానంటే, ఈ జన్మలో కంపైలర్ ఊసెత్తను. ఇన్నేళ్లయినా ఆ మాట తప్పలేదు. మళ్లీ ఎవరూ తీయలేదు మరి.