ములకలపల్లి ఎత్తు మీద

ఎనభైల్లో, అడవి పల్లెలకు దవాఖానా కట్టాలని చందాలడుగుతూ, గేర్లు లేని నా పాత సైకిల్ మీద భద్రాచలం వెళ్తున్నాను. ములకలపల్లి దాటాక ఎత్తులో ఒకతను, నొప్పులు పడుతున్న భార్యను క్యారియర్ మీద కూర్చోబెట్టి సైకిల్ తోస్తున్నాడు. వెనక అతని తల్లి. నా సైకిల్ ఒక చేత్తో నడిపించుకుంటూ నేనూ ఓ చెయ్యి వేశాను.

సగం ఎక్కామో లేదో ఆమె, "ఆపుర్రి, ఇంక నాతోని కాదు," అంది. ముసలమ్మ ఆమెను చెట్ల చాటుకు తీసుకుపోయింది. మేమిద్దరం రోడ్డు మీద నిలబడ్డాం. చాలాసేపటికి పసిబిడ్డ ఏడుపు వినబడింది.

ఆడపిల్ల. నీడలో కాస్త తేరుకున్నాక, బిడ్డను కొంగులో చుట్టుకుని ఆ తల్లి తనే నడిచొచ్చి క్యారియర్ ఎక్కింది.

"దవాఖానాకు పోదామా అమ్మా?" అన్నాను.

"ఇంకెందుకు అన్నా? ఇంటికి పోతం," అని నవ్వింది. మొగుడితో, "ఇప్పుడు దిగుడే గదా, తొక్కు," అంది.

అతను ఎక్కలేదు. బ్రేకు పట్టుకుని, ఒక్కో అడుగూ వేస్తూ సైకిల్‌ను కిందికి నడిపించాడు. నేనూ నా సైకిల్ తిప్పుకుని, వాళ్ల ఊరిదాకా వెనకే నడిచాను.